ప్రభుత్వ బడి భవనం ఎన్నాళ్లకు పూర్తవుతుంది? గడువు లెక్క ఎలా వేయాలి

"మా బడికి కొత్త భవనం మంజూరైందట, పిల్లలు అందులో ఎప్పటికి కూర్చుంటారు?" అన్న ప్రశ్న తల్లిదండ్రుల నుంచి, ప్రధానోపాధ్యాయుల నుంచి, బడి కమిటీ సభ్యుల నుంచి నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. పని జరిగే చోట పెట్టిన బోర్డు మీద "గడువు 12 నెలలు" అని రాసి ఉంటుంది, అడిగినవారు ఆ అంకెనే నమ్ముకుని ఉంటారు. ఆ 12 నెలలు కాంట్రాక్టరుకు స్థలం అప్పగించిన రోజు నుంచి కట్టడం ముగిసేవరకు ఉన్న గడువు మాత్రమే. దానికి ముందు గడిచే కాలం చాలా పనుల్లో కట్టడానికి పట్టే కాలం కంటే ఎక్కువ, తరువాత కూడా కొన్ని వారాలు కావాలి. ఈ మొత్తాన్ని మీరే లెక్కగట్టుకోవడం ఎలాగో, ఆ లెక్క సరైనదో కాదో ఎలా చూసుకోవాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక ఉజ్జాయింపు చెబుతాను. ఉన్న ఆవరణలో రెండు మూడు అదనపు గదులకు, అవసరం గుర్తించిన నాటి నుంచి తరగతులు మొదలయ్యేవరకు, ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఎనిమిది పది గదుల కొత్త బడికి రెండున్నర నుంచి నాలుగేళ్లు పడుతుంది. ప్రయోగశాలలు, గ్రంథాలయం, సభా మందిరం ఉండే పెద్ద ఉన్నత పాఠశాల అయితే నాలుగేళ్లు, కొన్నిసార్లు అంతకు మించి. మీ బడి ఈ హద్దుల్లో ఎక్కడ నిలుస్తుందో తేల్చడానికే మిగిలిన పద్ధతి అంతా.

దగ్గర ఉండవలసినవి

- నిధుల మంజూరు ఉత్తర్వు ప్రతి. అందులో తేదీ, మొత్తం, ఏయే పనులకు వర్తిస్తుందో చూడాలి.
- స్థలం ఎవరి పేరున ఉందో తెలిపే పత్రం.
- భవనం నక్షా, అంచనా పట్టిక. ఇవి ఇంకా తయారు కాకపోతే ఆ సంగతే రాసుకోండి, అది కూడా లెక్కకు పనికివచ్చే సమాచారమే.
- టెండరు ప్రకటన, వర్కు ఆర్డరు, అగ్రిమెంటు గడువు.
- అదే శాఖ ఈ మధ్య పూర్తి చేసిన మూడు నాలుగు బడుల వివరాలు: ఒప్పుకున్న గడువు ఎంత, నిజంగా పట్టిన కాలం ఎంత.
- బడి తిరిగి తెరిచే తేదీ, పరీక్షల తేదీలు, వానాకాలపు నెలలు గుర్తించిన ఒక క్యాలెండరు.
- ఒక మామూలు నోటు పుస్తకం.

ఇందులో ఐదోదాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. దయచేసి వదలకండి, మీ లెక్కను నిలబెట్టేది అదే.

1. పని ఏ రకానిదో తేల్చుకోండి

కొత్త స్థలంలో కొత్త భవనమా, ఉన్న ఆవరణలో అదనపు గదులా, లేక బడి నడుస్తుండగానే పాత భవనానికి మరమ్మతులా? మూడింటి గడువులూ మూడు తీర్లుగా ఉంటాయి. మరమ్మతులు త్వరగా అయిపోతాయని అనుకోవడం సహజమే గాని, పిల్లలు ఉన్న చోట చప్పుడు, దుమ్ము, ప్రమాదం కలిగించే పనులను సెలవుల్లోనే చేయాలి కనుక, ఖాళీ భవనంలో నాలుగు నెలల్లో ముగిసే పని రెండు సెలవుల కాలాలకు, అంటే ఏడాది దాకా సాగవచ్చు. పాత కప్పుల్లో ఆస్బెస్టాస్ రేకులు ఉంటే వాటిని తొలగించడానికి ప్రత్యేక జాగ్రత్తలు, ప్రత్యేక కాలం అవసరమవుతాయి.

2. ఏ రోజు నుంచి, ఏ రోజు వరకు అన్నది రాసి పెట్టుకోండి

మొదలు: బడి అవసరాన్ని కాగితం మీద పెట్టి పంపిన తేదీ. ముగింపు: పిల్లలు కొత్త గదిలో కూర్చుని పాఠం విన్న మొదటి రోజు. పునాది రాయి వేసిన రోజూ ప్రారంభోత్సవం జరిగిన రోజూ ఈ లెక్కకు పనికిరావు. ఒకే బడి గురించి అధికారి "14 నెలల్లో పూర్తి చేశాం" అనడం, తల్లిదండ్రులు "మూడేళ్లు పట్టింది" అనడం నేను చాలాసార్లు విన్నాను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఎవరి మొదలు వారిది.

3. మొత్తం కాలాన్ని దశలుగా విడగొట్టండి

రెండంతస్తుల్లో ఎనిమిది తరగతి గదులు ఉండే కొత్త బడిని ఉదాహరణగా తీసుకుంటాను. స్థలం ప్రభుత్వానిదే, తగాదా ఏదీ లేదు అనుకుందాం.

- అవసరాల అంచనా, పిల్లల సంఖ్య లెక్క, నివేదిక: 3 నెలలు
- నిధుల మంజూరు: 6 నెలలు
- స్థలం సర్వే, మట్టి పరీక్ష: 2 నెలలు
- నక్షాలు, అంచనాలు, సాంకేతిక పరిశీలన, అనుమతులు: 6 నెలలు
- టెండరు పిలవడం నుంచి స్థలం అప్పగింత వరకు: 4 నెలలు
- నిర్మాణం: 14 నెలలు
- పరీక్షలు, ధ్రువపత్రాలు, బల్లలు చేర్చడం, శుభ్రం చేయడం: 2 నెలలు

కలిపితే 37 నెలలు. మంజూరు కోసం ఎదురుచూసే కాలంలోనే సర్వే, మట్టి పరీక్ష చేయిస్తే రెండు నెలలు మిగిలి 35 అవుతుంది. కట్టడానికి 14 నెలలు పోగా 21 నెలలు కాగితాల మీద, బల్లల మీద గడిచాయి. కనుక త్వరగా కావాలని అడగదలచుకున్నవారు మేస్త్రీని తొందరపెట్టడం కంటే ఈ 21 నెలల మీద దృష్టి పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. నక్షా ఒక నెల ముందుగా తయారైతే ఎవరికీ నష్టం లేదు, కాని శ్లాబు కింద సెంట్రింగు (కాంక్రీటు గట్టిపడేవరకు దాన్ని మోసే తాత్కాలిక చట్రం) ఒక వారం ముందుగా విప్పితే ఆ కప్పు కింద కూర్చునే పిల్లలకు ప్రమాదం.

హెచ్చరిక: స్థలం మీద తగాదా ఉంటే పై పట్టిక పనికిరాదు. కోర్టులో ఉన్న వ్యవహారానికి నెలల లెక్క కట్టకండి. "స్థలం తేలిన తరువాత ఇన్ని నెలలు" అని మాత్రమే రాసుకోండి. మట్టి పరీక్షను వాయిదా వేయడం కూడా ఇలాంటి ముప్పే. గుంతలు తీశాక మట్టి మెత్తగా ఉందని తేలితే పునాది నక్షా మార్చాలి, అంచనా పెరుగుతుంది, పెరిగిన మొత్తానికి మళ్లీ మంజూరు కావాలి. తవ్విన గుంతల్లో నీళ్లు నిలిచి ఉండగా ఫైలు బల్లలు తిరుగుతూ ఉంటుంది.

4. ప్రతి దశకూ ఒక అంకె కాదు, మూడు అంకెలు వేయండి

అన్నీ కలిసివస్తే ఎన్ని నెలలు, మామూలుగా ఎన్ని, అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని? మామూలు అంకెను నాలుగుతో హెచ్చించి, మిగిలిన రెండింటిని కలిపి, మొత్తాన్ని ఆరుతో భాగించండి. పెద్ద పనుల కాలాన్ని అంచనా వేయడానికి 1950ల చివర నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది, కూడికలు వచ్చినవారు ఎవరైనా చేయవచ్చు.

ఉదాహరణకు టెండరు దశ: కలిసివస్తే 2 నెలలు, మామూలుగా 3, ఎవరూ ముందుకు రాక రెండోసారి పిలవాల్సి వస్తే 8. అప్పుడు 2, 12, 8 కలిపితే 22. ఆరుతో భాగిస్తే దాదాపు 3.7 నెలలు. పై పట్టికలో నేను 4 అని వేసింది ఇందుకే. అంచనా ధరలు పాతవై మార్కెట్ ధరలు పెరిగి ఉంటే మొదటిసారి టెండరుకు ఎవరూ రాకపోవడం కొత్తేమీ కాదు. అంచనా ఏ సంవత్సరపు ధరల మీద కట్టారో తప్పకుండా అడగండి. అవి పాతవైతే మూడో అంకెను పెంచుకోండి.

5. నిర్మాణ కాలాన్ని వారాల్లోకి దించండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పునాది తవ్వకం నుంచి ప్లింతు బీము (పునాది పైన, గోడల అడుగున వేసే దూలం) వరకు ఇలాంటి భవనానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ పని వానాకాలంలో పడితే ఇంకో నెల కలపండి, ఎందుకంటే నీళ్లు తోడి, బురద తీసి, గుంత అడుగును మళ్లీ గట్టి చేసుకోవాలి. ఆ తరువాత ఒక్కో అంతస్తుకు స్తంభాలు, సెంట్రింగు, కడ్డీ కట్టడం, కాంక్రీటు పోయడం, నీళ్లు పట్టడం అన్నీ కలిపి ఆరు నుంచి ఎనిమిది వారాలు వేసుకోండి. శ్లాబు పోయడం ఒక్క రోజు పని. దానికి ముందు రెండు మూడు వారాలు, తరువాత రెండు మూడు వారాలు ఎవరికీ కనిపించకుండా గడుస్తాయి.

ఈ కనిపించని వారాలను ఎవరూ కుదించకూడదు. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడినప్పుడు కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే సన్నని బూడిద) వంటివి కలిసిన సిమెంటైతే కనీసం 10 రోజులు, వేడిగా పొడిగా ఉండే వాతావరణంలో దానికి మించి. కప్పు కింది పోటీలను (సెంట్రింగును నిలబెట్టే తాత్కాలిక గుంజలను) 4.5 మీటర్ల లోపు వెడల్పున్న శ్లాబులకు 7 రోజులకు, అంతకు మించితే 14 రోజులకు ముందు తీయకూడదు. దూలాలకు, వాటి పొడవు 6 మీటర్లలోపు ఉంటే 14 రోజులు, దాటితే 21 రోజులు. తరగతి గది దూలం సాధారణంగా 6 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది గనుక మూడు వారాలు పట్టుకోవడమే క్షేమం. చల్లని ప్రాంతంలో కాంక్రీటు నెమ్మదిగా గట్టిపడుతుంది, ఇంకా ఎక్కువ రోజులు ఆగాలి. కాంక్రీటు పోసిన రోజు తీసిన దిమ్మెలను 28 రోజులకు పరీక్షిస్తారు. ఆ ఫలితాలు చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

పోటీలు తీసేవరకు కింది అంతస్తులో గోడల పని సాగదు. గోడలు లేచాక పైపులు, వైరింగు గొట్టాలు, ఆపైన ప్లాస్టరింగు, దాన్ని వారం రోజులు తడపడం, తరువాత ఆరనివ్వడం. కొత్త ప్లాస్టరింగు మీద దాదాపు నెల రోజులు ఆగకుండా రంగు వేస్తే మరుసటి ఏడాదికి పెచ్చులూడుతుంది. ఫ్లోరింగు, తలుపులు, కిటికీలు, కరెంటు సామాను, రంగులు కలిపి నాలుగైదు నెలలు తేలికగా పడుతుంది.

అందుచేత చివరి శ్లాబు పడిన రోజున "ముప్పాతిక పని అయిపోయింది" అనుకోవడం పొరపాటు. బయటి నుంచి చూస్తే భవనం ఆకారం వచ్చేసినట్టే ఉంటుంది గాని కాలం లెక్కలో మీరు సగం దారిని కొద్దిగా దాటారంతే.

6. పాత పనుల అనుభవంతో సరిచూసుకోండి

సేకరించిన మూడు నాలుగు బడుల వివరాలు ఇప్పుడు తీయండి. మూడింటికీ ఒప్పుకున్న గడువు 12 నెలలే, నిజంగా పట్టింది 15, 17, 20 నెలలు అనుకుందాం. మధ్యలో ఉన్న 17ను 12తో భాగిస్తే 1.4 వస్తుంది. మీ అగ్రిమెంటులో 12 నెలలు అని ఉంటే దాన్ని 1.4తో హెచ్చించి 17 నెలలు అని రాసుకోండి. ఐదో మెట్టులో వారాలు కూడి తెచ్చిన 14 ఈ 17 కంటే తక్కువగా ఉంది కదా. అలాంటప్పుడు పెద్ద అంకెను పట్టుకోండి, లేదా ఈసారి ఏ కారణం చేత త్వరగా అవుతుందో ఒక్క వాక్యంలో రాయగలిగితేనే చిన్న అంకెను ఉంచండి. "ఈసారి కాంట్రాక్టరు మంచివాడు" అన్నది కారణం కాదు. "పని వానలు తగ్గాక మొదలవుతోంది, నిధులు ముందే ఖాతాలో ఉన్నాయి" అన్నది కారణం.

7. బడి తెరిచే తేదీ నుంచి వెనక్కు లెక్కించండి

బడి తిరిగి తెరిచే రోజును సున్నా అనుకోండి. ఉదాహరణలోని అంకెల ప్రకారం అంతకు 2 నెలల ముందు కట్టడం ముగియాలి, 16 నెలల ముందు స్థలం అప్పగించాలి, 20 నెలల ముందు టెండరు ప్రకటన రావాలి, 26 నెలల ముందు నక్షాల పని మొదలవ్వాలి, 32 నెలల ముందు నిధుల కోసం ప్రతిపాదన వెళ్లాలి, 35 నెలల ముందు అవసరాల అంచనా మొదలవ్వాలి. ఆరో మెట్టు 17 నెలలు అని చెబితే, కట్టడం ముగియవలసిన తేదీ తప్ప మిగిలిన తేదీలన్నీ ఇంకో మూడు నెలలు వెనక్కు జరుగుతాయి.

వెనక్కు లెక్కించడం వల్ల ఇంకో సంగతి బయటపడుతుంది. భవనం బడి తెరిచిన తరువాత ఒక నెల ఆలస్యంగా సిద్ధమైతే నష్టం ఒక నెలతో పోదు. తరగతులను సంవత్సరం మధ్యలో తరలించడం కష్టం కనుక పిల్లలు చాలాసార్లు తరువాతి సెలవుల వరకు పాత చోటనే, రెండు తరగతులు ఒకే గదిలోనో పూటకొక తరగతిగానో చదవాల్సి వస్తుంది. ఎక్కడ ఒక వారం జారినా భరించవచ్చు, ఎక్కడ జారితే అర్ధ సంవత్సరం పోతుందో క్యాలెండరు మీద ఎర్ర గీత గీసి పెట్టుకోండి.

8. నెలకోసారి అంకెను తిరగరాయండి

ప్రతి నెలా ఒకే రోజున వెళ్లి, అయిన పనిని తేదీతో రాయండి: ప్లింతు బీము పూర్తి, మొదటి శ్లాబు పోశారు, పోటీలు తీశారు, కిటికీలు బిగించారు. శాతాలు రాయకండి. ఖర్చయిన డబ్బు శాతం వేరు, పని శాతం వేరు, మిగిలిన కాలం శాతం వేరు; ఈ మూడింటిని కలగలిపి చెప్పేటప్పుడే "90 శాతం అయిపోయింది" అన్న మాట ఏడాది పొడుగునా వినిపిస్తుంది.

ఆరు నెలలు గడిచేసరికి నాలుగు నెలల్లో కావలసిన పని మాత్రమే అయిందనుకుందాం. 14 నెలల పనిలో ఇంకా 10 నెలల పని మిగిలింది. అదే వేగం సాగితే ఆ పదికి 15 నెలలు పడుతుంది, మొత్తం 21. "తరువాత పుంజుకుంటాం" అని ఎవరైనా చెబితే, అదనపు కూలీలు ఏ తేదీ నుంచి వస్తారో, రెండో సెట్టు సెంట్రింగు సామాను ఎప్పుడు దిగుతుందో అడిగి రాసుకోండి. పని నెమ్మదించడానికి కారణం బిల్లులు ఆగిపోవడమే అయితే కాంట్రాక్టరు మీద కోపం వల్ల ఫలితం ఉండదు. కొలతలు ఎప్పుడు నమోదయ్యాయి, బిల్లు ఏ బల్ల మీద ఉంది అని తెలుసుకుని ఆ కార్యాలయాన్నే అడగాలి.

ఒక్క జాగ్రత్త: మొదటి రెండు మూడు నెలలు పని నెమ్మదిగా సాగడం మామూలే. గడువులో మూడో వంతు గడిచేసరికి దాదాపు పావు వంతు పని అయితే కంగారుపడనక్కరలేదు.

తరచుగా జరిగే పొరపాట్లు

గదులను లెక్కించి మరుగుదొడ్లను, తాగునీటిని, ర్యాంపును, ప్రహరీని మరచిపోవడం అన్నింటికంటే పెద్దది. ఇవి కొన్నిసార్లు వేరే మంజూరులో, వేరే టెండరులో ఉంటాయి. గదులు సిద్ధమై, మరుగుదొడ్లు లేక ఆడపిల్లలు ఇబ్బందిపడే బడిని పూర్తయిన బడి అని నేను ఒప్పుకోను. మంజూరు ఉత్తర్వు చదివేటప్పుడు ఈ నాలుగు మాటలూ అందులో ఉన్నాయో లేదో మొదటి రోజే చూడండి.

రెండోది కరెంటు, నీటి కనెక్షన్లకు, అగ్నిమాపక అనుమతికి చివరలో దరఖాస్తు చేయడం. నేను పని చూసిన ఒక బడిలో రంగులు కూడా పూర్తయ్యాక కరెంటు కనెక్షన్ కోసం నాలుగు నెలలు భవనానికి తాళం వేసి ఉంచాల్సి వచ్చింది. దరఖాస్తు ఆలస్యంగా పెట్టింది మేమే, మొదటి శ్లాబు పడిన వారమే పెట్టి ఉంటే సరిపోయేది. ఆ నాలుగు నెలలూ పిల్లలు కిటికీల్లోంచి కొత్త గదులను తొంగిచూసి వెళ్లేవారు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మూడోది మధ్యలో మార్పులు కోరడం. "ఇక్కడ ఇంకో గది వస్తే బాగుంటుంది" అన్న మంచి ఉద్దేశమే అయినా, పునాది పడ్డాక అడిగితే కొత్త నక్షా, కొత్త అంచనా, కొత్త అనుమతి కావాలి. కోరవలసినవన్నీ నక్షాల దశలోనే, ఉపాధ్యాయులందరినీ కూర్చోబెట్టి కోరండి.

అంత కాలం ఆగలేకపోతే

కర్మాగారంలో తయారుచేసి తెచ్చి బిగించే గదులు ఒక దారి. స్థలంలో పునాదులు వేస్తుండగానే అక్కడ గోడలు, కప్పులు తయారవుతాయి గనుక నిర్మాణ కాలం బాగా తగ్గుతుంది. అయితే మంజూరు, టెండరు కాలాలు తగ్గవు, పైగా నక్షాలో ప్రతి వివరం ముందే ఖరారు కావాలి. పెద్ద ముక్కలను మోసే బండ్లు వచ్చేంత దారి ఉండాలి. ముందే ఆమోదం పొందిన నమూనా నక్షాలను వాడటం రెండో దారి. నక్షాల దశలో సగం కాలం మిగలవచ్చు, కాని మట్టి పరీక్షను, పునాది లెక్కను స్థలానికి తగినట్టు మళ్లీ చేయించాలి. పనిని రెండు విడతలుగా చేసి కింది అంతస్తును ముందుగా వాడుకోవడం మూడోది. పైన పని జరుగుతుండగా కింద పిల్లలను కూర్చోబెట్టడానికి మాత్రం ఎవరు ఒప్పించినా ఒప్పుకోకండి. ఆ విడతలు వేర్వేరు బ్లాకులుగా, వేర్వేరు దారులతో, మధ్యలో గట్టి కంచెతో ఉండాలి.

లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

మీ పట్టికను పక్కన పెట్టుకుని ఈ ప్రశ్నలు వేసుకోండి. నిర్మాణానికి ముందు కాలం నిర్మాణ కాలంలో సగానికంటే తక్కువగా వచ్చిందా? అయితే ఏదో దశ వదిలేశారు. వానాకాలం ఎన్నిసార్లు వస్తుందో లెక్కలో కనిపిస్తోందా? చివరి శ్లాబుకూ అప్పగింతకూ మధ్య కనీసం నాలుగైదు నెలలు ఉన్నాయా? మీ అంకెను అదే శాఖలో పనిచేసే ఇంజినీరుకు చూపిస్తే, ఏ వరుస దగ్గర ఆయన ఆగి తల అడ్డంగా ఊపుతారో అక్కడే మళ్లీ అడగండి.

అప్పగింత రోజున ఇంకో తేదీ రాసుకోవాలి. కాంట్రాక్టరు తన ఖర్చుతో లోపాలు సరిచేయవలసిన గడువు చాలా ఒప్పందాల్లో 12 నెలలు ఉంటుంది, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. మీ అగ్రిమెంటులో ఎంతో చూసి, అది ముగియడానికి రెండు నెలల ముందు, కుదిరితే గట్టి వాన కురిసిన మరుసటి రోజున, ప్రతి గది కప్పును, కిటికీ మూలలను, మరుగుదొడ్ల వెనుక గోడలను చూసి, చెమ్మ దిగిన ప్రతి చోటును ఫోటో తీసి, జాబితాను రాతపూర్వకంగా అందజేసి, అందినట్టు సంతకం తీసుకోండి.